లోపం నా బండిదా, కంపెనీదా?

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు వేయొద్దన్నారు. కారు కంపెనీ పేరు మాత్రం రెండుసార్లు అండర్‌లైన్ చేసి మరీ రాశారు. దాన్ని నేనే తీసేశాను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఉత్తరంలో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆమెకు ముప్ఫై ఆరేళ్లు. జీడిమెట్లలో ఓ మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగం. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై వరంగల్‌లో ఉంటున్నారు. 2009లో ఆయన కొన్న చిన్న కారు పద్నాలుగేళ్లు పెద్ద రిపేరు లేకుండా నడిచింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ కంపెనీ మీద మాట పడనివ్వరు. ఆ నమ్మకంతోనే ఈమె కిందటి దసరాకి తన జీతం మీద లోను తీసుకుని అదే కంపెనీ కొత్త మోడల్ కొన్నారు. సన్‌రూఫ్ ఉన్న టాప్ వేరియంట్, ఆన్‌రోడ్ పదిహేనున్నర లక్షలు. డ్యాష్‌క్యామ్, ఆంబియంట్ లైట్లు షోరూమ్ వాళ్లే బిగించి ఇచ్చారు. తాడ్‌బండ్ హనుమంతుడి గుడిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నారు.

సంక్రాంతి నాటికి డ్యాష్‌బోర్డులో టిక్ టిక్ మొదలైంది. రివర్స్ గేర్ వేస్తే స్క్రీన్ అప్పుడప్పుడు నల్లబడిపోతుంది. వెనక కుడి డోరు సందులో చిటికెన వేలు పడుతుంది, ఎడమ డోరు సందులో పట్టదు. వానలు మొదలయ్యాక ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ కింద తడి, ఆపైన ముక్కిన వాసన. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్లారు. మొదటిసారి "అద్దం దించి మర్చిపోయి ఉంటారు మేడమ్" అన్నారు. రెండోసారి డ్రెయిన్ క్లీన్ చేశామన్నారు. మూడోసారి డోరు బీడింగ్ మార్చారు. తర్వాతి వానకి మళ్లీ తడే. పైగా బండి ఆమె పేరున ఉన్నా, ఇచ్చిన నంబరు ఆమెదే అయినా, వివరాలు చెప్పడానికి వాళ్లు ఫోన్ చేసేది ఆమె భర్తకి.

ఆ భర్తేమో బానెట్ మీద బొటనవేలితో నొక్కి, "ఈ రేకు డబ్బాకా పదిహేను లక్షలు?" అంటున్నారు. నాన్నగారేమో "ఆ కంపెనీ బండి లీకవడమేంటి, నువ్వే సరిగ్గా చూసుకోవట్లేదు" అంటున్నారు. అదే మోడల్ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు. అందులో రోజూ ఎవరో ఒకరు కొత్త లోపం ఫొటో పెడతారు, "కంపెనీ మునుపటిలా లేదు" అని పదిమంది వంత పాడతారు. ఈమె అర్ధరాత్రి దాకా అవే చదువుతూ కూర్చుంటున్నారు. అసలు టెన్షన్ ఇంకొకటి. హన్మకొండలో ఉన్న తమ్ముడు అక్క మాట మీదే ఆ మోడల్ బుక్ చేశాడు. వచ్చే నెల డెలివరీ. "అక్కా, తీసుకోమంటావా వద్దంటావా, ఒక్క మాట చెప్పు" అని అడుగుతున్నాడు.

"ఈ కంపెనీ నిజంగా దిగజారిందా? నేను కేసు వేయాలా, బండి అమ్మేయాలా? తమ్ముడికి ఏం చెప్పాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

* * *

మీ మూడు ప్రశ్నల్లో మొదటిదాన్నే మీరు పెద్దది చేసుకున్నారు. నాకు అదే అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తోంది. ఆ కంపెనీ దిగజారిందని రేపు దేశమంతా ఒప్పుకున్నా మీ మ్యాట్ కింద తడి ఆరదు. దిగజారలేదని తేలినా మీ బండి బాగున్నట్టు కాదు. సర్వీస్ సెంటర్లో "మీ కంపెనీ క్వాలిటీ పడిపోయింది" అని గట్టిగా అడిగానని రాశారు. కౌంటర్లో కూర్చున్న ఆ అబ్బాయి ఆ మాటకి తల ఊపడం తప్ప ఏం చేయగలడు? "వాన పడితే ఎడమ పక్క కార్పెట్ కింద నీళ్లు చేరుతున్నాయి, ఎక్కణ్నుంచో కనిపెట్టి నాకు చూపించండి" అంటే అతనికి చేయాల్సిన పని ఒకటి ఉంటుంది. కంపెనీ పేరు తీసేయడానికి కారణం కూడా ఇదే. పేరు వేస్తే మీ ఉత్తరం చదివే సగం మంది ఆ కంపెనీకి వకాల్తా పుచ్చుకుంటారు, మిగతా సగం తిట్టిపోస్తారు, మీ మ్యాట్ సంగతి ఎవరికీ పట్టదు.

అయినా ఆ ప్రశ్న మీ నిద్ర చెడగొడుతోంది కాబట్టి దాని సంగతే ముందు చూద్దాం. మీరు చేసేది క్వాలిటీ కంట్రోల్ పని. ఫలానా మాత్ర విరిగిపోతోందని బయట్నుంచి ఫిర్యాదు వస్తే మీ ల్యాబ్‌లో మొదట అడిగేది ఏమిటి? బ్యాచ్ నంబరు. "కంపెనీ మునుపటిలా లేదు" అన్న మాటతో మీరు ఏ దర్యాప్తూ మొదలుపెట్టరు. మరి వాట్సాప్ గ్రూపులో ఆ అలవాటు ఎందుకు వదిలేశారు? నాలుగు వందల మందీ ఎలా చేరారో ఆలోచించండి. బండి సాఫీగా నడుస్తున్నవాడికి ఆ గ్రూపుతో పనే లేదు. ఏదో ఒకటి పాడైనవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. 2024–25లో మన దేశంలో దాదాపు 43 లక్షల ప్యాసింజర్ వాహనాలు అమ్ముడయ్యాయి. ఇన్ని బండ్లు రోడ్డెక్కుతుంటే ఏ మోడల్‌కైనా రోజుకో ఫొటో దొరకడం కష్టం కాదు.

అలాగని గ్రూపులోంచి బయటికి రమ్మనను. సరిగ్గా అడిగితే అదే మీకు పనికొస్తుంది. మీలాగే నీళ్లు కారుతున్నవాళ్లని మాత్రం నాలుగు విషయాలు అడగండి: ఛాసిస్ ప్లేట్ మీద తయారైన నెల ఏది, తడి ఏ పక్కన, బయటి యాక్సెసరీస్ ఏమైనా బిగించారా, చివరికి ఏం చేస్తే ఆగింది. ఒకే నెలలో తయారైన బండ్లలో ఒకేచోట నీళ్లు వస్తున్నాయంటే అది బ్యాచ్ లోపమో డిజైన్ లోపమో అయ్యుంటుంది. అప్పుడు మీ ఒక్కరి గొడవగా దాన్ని కొట్టిపారేయడం కంపెనీకి కష్టం. పది బండ్లలో పది రకాల లోపాలుంటే మాత్రం అది ఫినిషింగ్ దగ్గర, డెలివరీ ముందు చెకింగ్ దగ్గర అశ్రద్ధ. రెండూ తప్పులే. కానీ రెంటికీ మందు వేరు.

ఇక "పాత బండ్లలా లేవు" అన్న మాట. అది మీ గ్రూపులోనే కాదు, ప్రపంచమంతా వినిపిస్తోంది. అమెరికాలో జె.డి.పవర్ సంస్థ 1987 నుంచి కొత్త కార్ల ఓనర్లను సర్వే చేస్తోంది. మొదటి 90 రోజుల్లో వంద కార్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడుతుంది. అది 2022లో 180 ఉంటే 2023లో 192కి పెరిగింది. లెక్క చూస్తే దిగజారినట్టే. కానీ ఆ ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్ద వాటా ఇంజినుదో గేర్‌బాక్సుదో కాదు, స్క్రీన్లది, ఫోన్ కనెక్షన్లది, వాటి చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్‌ది. మీ నాన్నగారి 2009 బండిలో పాడవడానికి స్క్రీనే లేదు. లీకవడానికి సన్‌రూఫూ లేదు. ఆయన బండి గట్టిది, నిజమే. ఆ బండి మీద మనం పెట్టిన పరీక్షలు కూడా తక్కువే.

మీవారి బొటనవేలి పరీక్ష గురించి ఒక మాట. బానెట్, డోరు పైరేకు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. పాత బండ్లలోనూ దాదాపు అంతే. నొక్కితే లోపలికి పోతుందా లేదా అన్నది ఆ రేకు వంపు మీద, దాని వెనక ఎక్కడెక్కడ ఊతం పెట్టారన్న దాని మీద ఉంటుంది. ప్రమాదంలో మనిషిని కాపాడేది లోపలి అస్థిపంజరం. మన దేశంలో ఎదురుగా ఓ పక్కకి గుద్దించే ఆఫ్‌సెట్ పరీక్ష, పక్కనుంచి గుద్దించే పరీక్ష తప్పనిసరి అయ్యిందే 2017 అక్టోబరులో, అదీ కొత్త మోడళ్లకి. అమ్మకంలో ఉన్న మిగతా మోడళ్లకి 2019 అక్టోబరు నుంచి. 2009 నాటి చిన్న కార్లు ఆ గండం దాటనే లేదు. దీన్ని తిరగేసి కూడా చెప్పాలి. "ఫైవ్ స్టార్ బండి, క్వాలిటీ గురించి మాట్లాడకండి" అని సేల్స్ వాళ్లు అంటారు చూడండి, అదీ తప్పే. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ (కార్ల భద్రతా పరీక్ష) స్టార్లు గుద్దుకున్నప్పుడు ఏమవుతుందో చెబుతాయి. వాన పడినప్పుడు ఏమవుతుందో చెప్పవు. డోరు సందులు కొలవవు.

మరి ఏమీ దిగజారలేదా అంటే, అలా అనను. మీ వెనక డోర్ల సందులు రెండూ ఒకేలా లేకపోవడం ఫ్యాక్టరీలో ఎవరో చూసీ చూడనట్టు వదిలేసిన పని. డెలివరీ ముందు షోరూమ్‌లో చేయాల్సిన చెకింగ్, వాళ్ల భాషలో పీడీఐ, దసరా ధన్‌తేరస్ రోజుల్లో ఎలా జరుగుతుందో ఊహించుకోవచ్చు. ముహూర్తం దాటకూడదని కొనేవాళ్ల తొందర, ఆ నెల టార్గెట్ దాటాలని అమ్మేవాళ్ల తొందర, మధ్యలో చెక్‌లిస్టు మీద టిక్కులు వాటంతటవే పడిపోతాయి. మీరు "బిల్డ్ క్వాలిటీ" అని ఒక్క మాటలో రాసినదాంట్లో డిజైన్ చేసినవాళ్లు, ఫ్యాక్టరీ, విడిభాగాలు పంపే సప్లయర్, చివరికి షోరూమ్, అందరి చేతులూ ఉన్నాయి. మీ బండి విషయంలో నా అనుమానం ఆ చివరి చేతి మీదే ఎక్కువ. ఎందుకో చెబుతాను.

సన్‌రూఫ్ అద్దం నీళ్లని పూర్తిగా ఆపదు. ఆపాలని దాన్ని చేయనూ లేదు. అంచు దాటి దిగిన నీళ్లని చుట్టూ ఉన్న సన్నటి కాలువ పట్టుకుంటుంది. ఆ కాలువ మూలల్లోంచి వేలి మందం కూడా లేని గొట్టాలు కిందికి దిగి నీళ్లని బండి బయట వదులుతాయి. ముందువైపు గొట్టాలు మామూలుగా ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే ఏ-పిల్లర్ల లోపలి నుంచి వస్తాయి. ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసేసిన వాక్యం చూడండి: డ్యాష్‌క్యామ్, ఆంబియంట్ లైట్లు షోరూమ్‌లోనే బిగించారు. డ్యాష్‌క్యామ్ వైరుని సాధారణంగా ఏ-పిల్లర్ ప్లాస్టిక్ కవరు ఊడదీసి దాని వెనక నుంచే లాగుతారు. ఆ తొందరలో గొట్టం నొక్కుకుపోయినా, జాయింటు దగ్గర జారినా నీళ్లు నేరుగా కార్పెట్ కిందికే. సరిగ్గా మీకు తడి కనిపిస్తున్న చోటికే. స్క్రీన్ నల్లబడటానికీ ఈ అదనపు వైరింగ్‌కీ సంబంధం ఉందేమో కూడా అదే చేత్తో చూపించుకోవాలి. ఇది నా అనుమానం మాత్రమే. కానీ మూడు విజిట్లలో ఎవరూ ఆ కవరు తీసి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు.

దీన్ని ఇంట్లోనే సగం తేల్చుకోవచ్చు. ఎండగా ఉన్న రోజు సన్‌రూఫ్ తెరిచి, ముందు ఎడమ మూల కాలువలో ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోయండి. ఇంకొకరు కింద చూస్తుండాలి. కొద్ది సెకన్లలో ముందు చక్రం వెనకాల ప్రాంతంలో నీళ్లు బయటికి రావాలి. రాకుండా కాలువలోనే నిలిచిపోతే గొట్టం మూసుకుపోయింది. వేప చెట్టు కిందో కానుగ చెట్టు కిందో పార్క్ చేసేవాళ్లకి ఇది మామూలే. లోపల కార్పెట్ తడిస్తే గొట్టం జారింది. రెండూ కాకపోతే నీళ్లు ఇంకో దారిన వస్తున్నాయి: ముందు అద్దం అంటింపు దగ్గరో, డోరు లోపలి ప్లాస్టిక్ షీటు దగ్గరో. వాన లేని రోజుల్లో కూడా ఏసీ వేసినప్పుడు తడి వస్తోందంటే అది ఏసీ డ్రెయిన్. దాన్ని బాగు చేయడం సులువు. ఒక్క జాగ్రత్త. ఆ పిల్లర్ కవరు మీరే ఊడదీయొద్దు, బయటి మెకానిక్‌తోనూ తీయించొద్దు. కొన్ని బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఆ వరసలోనే ఉంటుంది, పైగా వారంటీకి సాకు దొరుకుతుంది. గొట్టంలోకి ప్రెషర్‌తో గాలి కొట్టనివ్వొద్దు కూడా. బాగున్న జాయింటు జారేది అప్పుడే.

టిక్ టిక్ గురించి ఎక్కువ రాయను. ముందు టైర్లలో గాలి చూడండి. డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన దానికన్నా ఎక్కువ కొట్టి ఉంటే ప్రతి గతుకూ లోపలి ప్లాస్టిక్‌కి తగులుతుంది. అయినా వస్తుంటే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీ బాచుపల్లి రోడ్డు మీదే తిప్పండి. సర్వీస్ సెంటర్ ఆవరణలో ఏ బండీ చప్పుడు చేయదు.

ఇప్పుడు కాగితాల సంగతి. మీ ల్యాబ్‌లో రాయని పని చేయని పనే కదా. ఇక్కడా అంతే. మూడు విజిట్ల జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే కాగితాలు, తీసి చూడండి. "కస్టమర్ కంప్లైంట్" అన్నచోట "జనరల్ చెకప్" అని ఉంటే మీరు నీళ్ల గురించి మొత్తుకున్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఈసారి బండి ఇచ్చేటప్పుడు మీ మాటల్లో రాయించండి, రాశాకే సంతకం పెట్టండి, ఫొటో తీసుకోండి. తీసుకునేటప్పుడు ఏం కనిపెట్టారు, ఏం మార్చారు అన్నదీ రాయించండి. "క్లీన్ చేశాం" అంటే ఏది, ఎలా పరీక్షించారు? ఈ ప్రశ్నలు మీకు నేను నేర్పాలా? ఇంకో చిన్న పని. ఫోన్ చేయాల్సిన నంబరు అన్నచోట మీ నంబరే ఉందో లేదో చూసి, మీవారి నంబరు రికార్డులోంచి తీసేయమనండి. మీవారు కూడా ఈసారి ఫోన్ వస్తే "బండి మా ఆవిడది, ఆమెతో మాట్లాడండి" అని పెట్టేస్తే చాలు. రేకు గురించి వ్యాఖ్యానం కన్నా అది మీకు ఎక్కువ సాయం.

నాలుగోసారీ ఆగకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయండి, డీలర్‌కి కాపీ పెట్టండి. తేదీలు, జాబ్ కార్డు నంబర్లు, వీడియోలు, గ్రూపులో సరిగ్గా మీలాంటి సమస్యే ఉన్నవాళ్ల తయారీ నెలలు. అడగాల్సింది ఒక్కటే: కంపెనీ తరఫు ఇంజినీరు వచ్చి మీ ఎదుట నీళ్ల పరీక్ష చేయాలి. అందులో ఆవేశం ఉండక్కర్లేదు. మెయిల్ చల్లగా ఉన్నకొద్దీ అవతలివాళ్లకి భయం ఎక్కువ. ఈ దారి నెమ్మదిగా సాగుతుంది, కొన్ని శనివారాలు పోతాయి, కానీ డబ్బు పోదు. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి. మీది కూడా ఇక్కడే తేలాలని నా ఉద్దేశం.

తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో రాజీ మార్గంలో మాట్లాడతారు. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు కొనుగోళ్లు అక్కడికే వస్తాయి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట గానీ పనిచేసే చోట గానీ వేసుకోవచ్చు, షోరూమ్ ఎక్కడుందో అక్కడే వేయాలని లేదు. పది నుంచి ఇరవై లక్షల మధ్య కొన్న వస్తువుకి ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు, అది లోపం బయటపడ్డప్పటి నుంచి లెక్క. "ఇంకో సర్వీస్ చూద్దాం" అంటూ దాన్ని కరగనివ్వొద్దు.

అయితే కేసు వేస్తే కొత్త కారు వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. ఒక భాగం పాడైతే దాన్ని బాగుచేయడం, మార్చడం వరకే వారంటీ బాధ్యత, మొత్తం బండి మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులోనే చెప్పింది. తయారీ లోపం అని మీరంటే నిపుణుల పరీక్షలో అది తేలాలి, ఆ పరీక్షకి ఫీజు ముందు మీరే కట్టాల్సి రావొచ్చు. 2021లో మరో తీర్పు ఉంది: డీలర్ చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపించలేకపోతే దానికి కంపెనీని బాధ్యురాలిని చేయలేమని. మీ లీకు డ్యాష్‌క్యామ్ పని వల్లే అయితే ఈ తీర్పు మీకు నేరుగా తగులుతుంది. అందుకే ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి, ఎవరి తప్పో తేల్చే కాగితం ముందే చేతిలో ఉండాలి. కాలం సంగతి చెప్పక్కర్లేదు, నెలల్లో ముగిసేవి తక్కువ. రిపేరు, ఖర్చులు, కొంత నష్టపరిహారం: ఇవి అడగదగ్గవి.

స్క్రీన్ నల్లబడటం, తడి వల్ల వైరింగ్ పాడవడం భద్రత కిందికి వస్తాయనిపిస్తే ఇంకో తలుపు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో బండ్లని వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. ఓనర్లు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. గ్రూపులో వంత పాడే పదిమందీ అక్కడ పెడితే ఆ పాటకి విలువుంటుంది. డోరు సందు, టిక్ టిక్ మాత్రం అక్కడ చెల్లవు.

అమ్మేయడం గురించి. అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. బండి చూసినప్పుడల్లా కడుపు మండుతుంటే అది కూడా ఒక ఖర్చే. కానీ లెక్క తెలిసి అమ్మండి. కొన్నప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్స్ మీకు తిరిగి రాదు. మొదటి ఏడాది తరుగు ఎలాగూ ఉంటుంది. వీటికి మించి, కార్పెట్ కింద తడి ఉన్న బండి హైదరాబాద్‌లో అమ్మడం కష్టం. 2020 అక్టోబరు వరదల తర్వాత ఇక్కడ సెకండ్ హ్యాండ్ బండ్లు చూసేవాళ్లు మొదట చేసే పని మ్యాట్ ఎత్తి వాసన చూడటం. మీది వరద బండి కాదని ఎంత చెప్పినా ధర సగానికి అడుగుతారు. దాచిపెట్టి అమ్మితే రేపు మీ మీదే ఫిర్యాదు. కాబట్టి అమ్మినా సరే, ముందు లీకు ఆపించి, కార్పెట్ కింది ఫోమ్ పూర్తిగా ఆరబెట్టించి, ఆ జాబ్ కార్డులు పెట్టుకుని అమ్మాలి. అంత దాకా వచ్చాక అమ్మాలనిపించకపోవచ్చు కూడా. అది అప్పటి సంగతి. ఉంచుకునేటట్టయితే వారంటీ ముగిసేలోపే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి. ఈ స్క్రీన్ల కాలంలో అది దండగ ఖర్చు కాదు.

నాన్నగారి మాట మిమ్మల్ని నొప్పించిందని రెండుచోట్ల రాశారు. బండి పాడైనదానికన్నా "నువ్వే సరిగ్గా చూసుకోవట్లేదు" అన్నది ఎక్కువ తగిలింది. ఆయన వెనకేసుకొస్తున్నది కంపెనీని కాదేమో చూడండి. డిపోలో జీవితమంతా బండ్ల కింద పడుకున్న మనిషి, తన సంపాదనతో కొన్న ఒకే ఒక్క కారు అది. దాన్ని ఎంచుకున్న తన తెలివి మీద ఆయనకి గురి. మీరు "ఆ కంపెనీ పాడైపోయింది నాన్నా" అన్నప్పుడల్లా ఆయనకి తగిలేది అక్కడ. వాదన మానేసి, ఆయన్ని ఒక ఆదివారం నిజాంపేట రమ్మనండి. ఆ గ్లాసు నీళ్ల పరీక్ష ఆయన చేత్తో చేయించండి. మీరు గ్లాసు పట్టుకోండి, ఆయన కింద చూస్తారు. నీళ్లు లోపలికి వస్తున్నాయని ఒక పాత మెకానిక్‌కి కళ్లారా కనబడ్డాక సర్వీస్ సెంటర్‌కి మీకన్నా ముందు ఆయనే బయల్దేరొచ్చు. రాకపోవచ్చు కూడా. మొండితనం ఆయన హక్కు. మీకు మాత్రం తోడు చూసిన సాక్షి ఒకరు దొరుకుతారు.

ఇక తమ్ముడు. అతను "ఒక్క మాట" అడిగాడు. ఆ ఒక్క మాట ఇవ్వకండి. "తీసుకో" అంటే రేపు అతని బండిలో చిన్న చప్పుడు వచ్చినా మీ ఖాతాలో పడుతుంది. "వద్దు" అంటే, ఒక్క బండి చూసి బ్యాచ్ మొత్తం రిజెక్ట్ చేసినట్టు. పైగా అతను వేరే కంపెనీ బండి కొని ఇబ్బంది పడితే అదీ మీ వల్లే అవుతుంది. మీ దగ్గర ఉన్నది ఒక బండి అనుభవం. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి: నీళ్లు కారుతున్నాయి, ఇంజిన్, బ్రేకులు, మైలేజీ గురించి ఫిర్యాదు లేదు, సర్వీస్ ఇలా ఉంది. ఉత్తరంలో మీరు ఇంజిన్ గురించి ఒక్క చెడ్డ మాట రాయలేదు, అది మీరు గమనించారో లేదో. నిర్ణయం అతనిది, లోను కూడా అతనిదే.

అతనికి దారులు మూడున్నాయి. రద్దు చేసుకుంటే బుకింగ్ డబ్బులో ఎంత తిరిగి వస్తుందో రసీదు వెనక నిబంధనల్లో చూసుకోవాలి. ఇన్వాయిస్ పడకముందు ఇది సులువు, పడ్డాక తలనొప్పి. సన్‌రూఫ్ లేని కింది వేరియంట్‌కి మార్చుకుంటే మీ సమస్య అతనికి పుట్టే దారే మూసుకుపోతుంది, డబ్బూ మిగులుతుంది, కాకపోతే మీ మరదలుగారు ఒప్పుకోవాలి. అదే బండి తీసుకుంటే మాత్రం పూర్తి డబ్బు కట్టకముందు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు పడకముందు, స్టాక్‌యార్డ్‌కి వెళ్లి పగటి వెలుతురులో తన బండిని తాను చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక లోపం చూపిస్తే అది రిపేరు, కాకముందు చూపిస్తే వేరే బండి అడగొచ్చు. ఛాసిస్ ప్లేట్ మీద నెల, నాలుగు డోర్ల సందులు, రివర్స్‌లో స్క్రీన్, మ్యాట్ల కింద చెయ్యి పెట్టి తడి. వాషింగ్ బేలో పది నిమిషాలు నీళ్లు కొట్టించి మళ్లీ ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. ముహూర్తం దాటిపోతోందని తొందరపెడితే పూజ ఇంకో రోజు పెట్టుకోవచ్చు. షోరూమ్ వాళ్లు డ్యాష్‌క్యామ్, లైట్ల ప్యాకేజీ ఫ్రీ అన్నా ఆ రోజు వద్దనమనండి. ఒక వానాకాలం గడిచాక కావాలంటే పెట్టించుకోవచ్చు.